తెరవెనుక పలకలు, తెరముందు పాట



ఒక నాటకముకొరకై కూర్చిన సంగీతము, ఆ నాటకము ముగిసి, తెరలు చుట్టబడి, దీపములారి, నటులు ముఖమునందలి రంగు కడిగికొని వెడలిపోయిన పిమ్మట, గ్రామఫోను ప్లేటుమీదనో, కాసెట్టునందో, నేటి సెల్‌ఫోనులోనో తిరిగి వినబడినపుడు, అది మనము రంగస్థలమున విన్న సంగీతమే యగునా, లేక ఆ పేరు పెట్టుకొని వచ్చిన వేరొక వస్తువా అను ప్రశ్న నాకు చాలకాలముగా ఉన్నది. నాటకపు పాటలను సంపుటములుగా వెలువరించు ఆచారము లోకమంతటను కలదు. మన తెలుగునాటను కలదు. అందువలన పాట మిగులుచున్నదనుటలో సందేహము లేదు. పాటతోడుగా మరేమి మిగులుచున్నది, ఏది మిగులుట లేదు అను విషయమును, కడపజిల్లావారమైన మనకు చేరువలోని ఉదాహరణములతోనే నేడు కొంత విచారింతము.

ప్రయోగాత్మక నాటకము అన్నంతనే మహానగరములలోని చిన్న రంగశాలలును, నల్లని తెరలును, పట్టుమని నూరుమందికి మించని విద్యావంతులైన ప్రేక్షకులును మన తలంపునకు వచ్చుట సహజము. కాని నాకు తెలిసినంతలో తెలుగు రంగస్థలమున జరిగిన ప్రయోగములలో మిక్కిలి సాహసోపేతమైనది నగరమున జరుగలేదు. 1885వ సంవత్సరమున, నేటి పులివెందుల నియోజకవర్గములో చేరిన చక్రాయపేట మండలమునందలి సురభి అను పల్లెలో, ఒక పెండ్లి వేడుకనాడు, తరతరములుగా తోలుబొమ్మలాడించుచు ఊరూర తిరుగుచుండిన మరాఠీ మూలముగల ఒక కుటుంబమువారు, బొమ్మలను పెట్టెలోనే ఉంచి, తామే వేషములు ధరించి, ‘కీచకవధ’ను ఆడిచూపిరి. దానికి సారథ్యము వహించినవారిలో వనారస గోవిందరావుగారి పేరు ముఖ్యముగా చెప్పుకొనుచున్నాము. ఆ రాత్రితో ఆరంభమైన శ్రీ శారదా మనోవినోదినీ సంగీత నాటక సభ శాఖోపశాఖలుగా విస్తరించి, ఒకానొక కాలమున ముప్పదికి మించిన సమాజములై, సురభి అను పల్లెపేరునే తన యింటిపేరుగా చేసికొని ఆంధ్రదేశమంతట సంచరించినది.

ఈ కథ మీకు తెలియనిది కాదు. చరిత్రకారులు దీనిని చెప్పునపుడు, ఆడువారి వేషములను ఆడువారే ధరించుట ఆ కాలమునకు ఎంతటి విప్లవమో విస్తరించి చెప్పుదురు, అది సత్యము. నేను చెప్పదలచినది చెవికి సంబంధించిన భాగము మాత్రమే. తోలుబొమ్మలాటయందు పలుకువాడు కనబడడు, కనబడునది పలుకదు. సన్నని తెల్లబట్టమీద దీపపు వెలుగున రంగురంగుల తోలుబొమ్మ కదలుచుండగా, తెరవెనుక నిలిచినవాడే ఒక క్షణమున భీముడై గర్జించి, మరుక్షణమున ద్రౌపదియై విలపించి, నడుమ కేతిగాడై నవ్వించును. అతని చేతులు బొమ్మ కర్రలమీద ఉన్నందున వాద్యము వాయించుటకు అతనికి మిగిలినది కాలొక్కటే. ఆ కాలిక్రింద చెక్కపలకలుండును. యుద్ధమో, ద్వంద్వమో, పర్వతములు కూలుటయో వచ్చినపుడు అతడు ఆ పలకలను దడదడ త్రొక్కును. పిల్లలు ఒడిలో ముడుచుకొందురు. రాగము, తాళము, మద్దెల అన్నియు ఉన్నను, భయమును పుట్టించునది ఆ పలకల చప్పుడే. అది సంగీతమగునా కాదా అని ఏ విద్వత్సభయందును చర్చ జరిగియుండదు. ఆటకది లేకున్న సాగదు గనుక అది ఉండినది, అంతియే.

ఇట్టి చప్పుడు చెవులకు అలవడిన కుటుంబమువారు తమ మొదటి మానవనాటకమునకు, విరాటరాజు నర్తనశాలలోని చీకటియందు భీమకీచకులు పెనగులాడు కథనే ఎన్నుకొనుట నాకు మిక్కిలి సమంజసముగా తోచును. కన్నుకంటె చెవికే ఎక్కువ పనిగల ఘట్టమది. చీకటి, ఊపిరి, పాదఘాతము, ఎముకలు విరుగు శబ్దము. ఇంతవరకు తెరవెనుకనుండి వచ్చిన కంఠము ఇపుడు ముఖముతో కూడి ముందుకు వచ్చినది. కంఠమునకు ముఖము వచ్చిన వెంటనే సంగీతమున ఒక క్రొత్త చిక్కు వచ్చిపడినది. బొమ్మలాటలో ఒకరిద్దరు గాయకులు ఒకే శ్రుతిలో పాత్రలన్నిటికిని పాడినను చెల్లినది. స్త్రీపురుషులు కలిసి ఆడు నాటకమున, కీచకుని పద్యమొక శ్రుతిని, సైరంధ్రి పద్యము వేరొక శ్రుతిని కోరును. ఒకరి పద్యము ముగియుటకును మరియొకరిది ఎత్తుకొనుటకును నడుమగల రెండు మూడు క్షణములలో శ్రుతి మార్చి, ఆ మార్పు ప్రేక్షకుని చెవికి తగులకుండ దాటించగల వాద్యకారుడొకడు రంగస్థలమున అవసరమైనాడు. అతడే హార్మోనియము వాయించువాడు.

ఆ కాలపు వాతావరణమును కొంచెము స్మరింపవలెను. 1880లో పూనా నగరమున అణ్ణాసాహెబు కిర్లోస్కరు ‘సంగీత శాకుంతలము’ను ప్రదర్శించినాడు, దాని వెంటనే మరాఠీ సంగీతనాటకము వరదవలె దక్షిణమునకు పొర్లివచ్చినది. 1884లో కన్నడదేశమున గుబ్బి కంపెనీ వెలసినది. మనకు పడమట బళ్ళారిలో న్యాయవాదవృత్తిలో ఉండిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు ఆ దశకముననే నాటకరచనకు పూనుకొని, వచనముతోడను పద్యముతోడను ఊరకుండక పాటలను రాగతాళములతో తెలుగు నాటకమున ప్రవేశపెట్టిరి. అనగా మన మాటలో చెప్పవలెనన్న, పూనాకును బళ్ళారికిని గుబ్బికిని సురభికిని నడుమ అయిదారు సంవత్సరముల అంతరము మాత్రమే కలదు. పండితులు బళ్ళారిలో చేసినదానిని, అక్షరజ్ఞానము అంతంతమాత్రమైన బొమ్మలాటవారు మన పల్లెలో అదే కాలమున తమదైన మార్గమున చేసిరనుట మనము గర్వించదగిన విషయము. ఈ గర్వము కొంచెము స్థానికాభిమానముతో కూడినదని మీరనుకొన్నను నేను కాదనను.

ఇక హార్మోనియము. పరీసునగరమున పందొమ్మిదవ శతాబ్దపు నడుమ పుట్టిన ఈ పెట్టె, కలకత్తాలో చేతితో తిత్తి కొట్టు చిన్నరూపము దాల్చి, నాటకకంపెనీలలో కాలితో త్రొక్కు పెద్దరూపముననే నిలిచినది. కాలితో త్రొక్కునపుడు రెండుచేతులును మెట్లమీద ఆడును. మైకులు లేని కాలమున చివరివరుసలోని నేల ప్రేక్షకునికి గూడ దాని నాదము స్పష్టముగా చేరును. రేడియోలో కూర్చుండి హార్మోనియమును మెచ్చుకొనుటలో ఒక చమత్కారము గలదు. 1940 మార్చి 1వ తేదీనుండి ఆకాశవాణి తన ప్రసారములలో హార్మోనియమును నిషేధించినది. గమకము పలుకదనియు, దాని స్వరస్థానములు మన సంగీతమునకు సరిపడవనియు అందులకు కారణములు చూపిరి. ఆ నిషేధము సుమారు 1971 వరకు సాగినది. శాస్త్రదృష్టితో చూచినచో ఆ యాక్షేపణ నిరాధారమని నేననజాలను. ఐనను రంగస్థలమున హార్మోనియము చేయుపని గమకము పలుకుట గాదు. నటుడు పద్యమెత్తుకొనుటకు ముందే అతని చెవిలో శ్రుతి వేయవలెను. పాదము మరచినవానికి ఆ పాదము జ్ఞప్తికి వచ్చువరకు రాగమును సాగదీసి మానము కాపాడవలెను. అడవితెర పైకిపోయి అంతఃపురపు తెర దిగునపుడు చుట్టుకఱ్ఱ చిక్కుకొన్నచో, అది చిక్కుకొన్నదని ప్రేక్షకునికి తెలియకుండ ఒక గతి వాయించి నిలుపవలెను. రాక్షసుడు వచ్చుచున్నాడనియు, వచ్చువాడు రాక్షసుడేగాని హాస్యగాడు కాడనియు ముందుగానే తెలుపవలెను. ఇవి యేవియు కచ్చేరీసంగీతమున లేని ధర్మములు. నాటకసంగీతమును కచ్చేరీతూనికరాళ్ళతో తూచిన ప్రతిసారియు అన్యాయమే జరిగినదని నా దృఢవిశ్వాసము.

ఇప్పుడు గ్రామఫోను మాట. మన దేశమున 1902లో కలకత్తానగరమున గౌహర్‌జాన్ మొదలగువారు పాడిన పాటలతో ఈ వ్యాపారము మొదలైనది. పదియంగుళముల లక్కప్లేటు, నిమేషమునకు డెబ్బదియెనిమిది చుట్లు, ఒక్కొక్క ముఖమున మూడు నిమేషములకు కొంచెము మించిన కాలము. 1925 ప్రాంతమున విద్యుత్పద్ధతి వచ్చువరకు గాయకుడు ఒక పెద్దకొమ్ము ఎదుట నిలిచి, దానిలోనికి గొంతెత్తి పాడవలసినదే. తెలుగు నాటకపద్యములు ఈ ప్లేట్లమీదికి విరివిగా ఎక్కినవి. పిదప ఒక నాటకమంతయు అనేక ప్లేట్లమీద నింపి, పెట్టెలో పెట్టి, డ్రామాసెట్టు అను పేరుతో విక్రయించిరి. ఒక్కొక్క నాటకమునకు ఒక్కొక్క సంపుటి. పెండ్లిపందిళ్ళలోను, తిరునాళ్ళలోను, కాఫీహోటళ్ళలోను ఆ పద్యములు మారుమ్రోగినవి. నాటకశాల ముఖమెరుగనివారు సైతము కృష్ణరాయబారపు పద్యములను కంఠస్థము చేసిరి. ఈ మేలును తక్కువచేసి మాటాడుట కృతఘ్నత యగును.

అయినను ఆ మూడు నిమేషముల గడువు నాటకసంగీతమును ఏమి చేసినదో చూడుడు. రంగస్థలమున దూతగా వచ్చిన కృష్ణుడు పద్యమును కౌరవసభ ఎదుట పాడును. అతని ఎదుట దుర్యోధనుడు మీసముమీద చేయి వేసి నిలుచును. పద్యము ముగియునప్పటికి ఆ చేయి ఏ స్థితిలో ఉన్నదనునది పద్యపు అర్థమునే మార్చును. ప్లేటుమీద ఎదుట నిలిచినది కొమ్ము మాత్రమే. వన్స్‌మోరని నేలమీదివారు కేక వేయుట, ఆ కేకకు లొంగవలెనా కథను ముందుకు నడుపవలెనా అని నటుడు అరక్షణము తడబడుట, ఆ తడబాటును హార్మోనియమువాడు కనిపెట్టి శ్రుతిని అటో యిటో త్రిప్పుట, ఇవి యన్నియు రాలిపోయినవి. తెరమార్పిడి గతులు రాలిపోయినవి. పలకలచప్పుడు సంగతి చెప్పనేల, అది కొమ్ములో పడినచో ముద్రణమే చెడిపోవునని దూరముగా తొలగించియుందురు. మిగిలినది రాగము, కంఠము, ముగింపున ఒక దీర్ఘమైన ఆలాపన. తరువాతి తరము నటులలో పెక్కురు నాటకమునుండిగాక ప్లేటునుండి పద్యము నేర్చిరి గనుక, సందర్భము లేని ఆ ఆలాపనయే నాటకసంగీతమని భ్రమపడి, దానినే తిరిగి రంగస్థలముమీదికి తెచ్చిరని నా అభిప్రాయము.

దీనిని ఎదిరించినవారు లేకపోలేదు. జమ్మలమడుగునకు పెన్నానది ఎగువన, గండికోట కొండలకావల, తాడిపత్రిలో 1880లో జన్మించిన బళ్ళారి రాఘవాచార్యులుగారు, ధర్మవరమువారికి మేనల్లుడై, పాటలతో నాటకమును నింపిన మేనమామ కనుసన్నలలోనే పెరిగియు, పద్యమును రాగముతో సాగదీయుట నటనకు విఘాతమని నమ్మి, భావము చెడకుండ పలుకుటయే చాలునని తాను ఆచరించి చూపిరి. ఒక్క యింటిలోనే మేనమామ పాటను తెచ్చెను, మేనల్లుడు పాటను తగ్గించెను; రెండును ఆ యా కాలములలో ప్రయోగములే. 1932లో మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదలైనపుడు దానికి ఆధారమైనది ధర్మవరమువారి నాటకము. దానిని తెరమీద నిలిపినవారు సురభినటులు. లీలావతిగా పాడినది సురభి కమలాబాయి. బళ్ళారి పండితుని పాఠమును, మన పల్లెబాట పట్టివచ్చిన బొమ్మలాటవారి గొంతును బొంబాయిలో యంత్రము ఒకచోట చేర్చినది.

కొంచెము దేశాంతరము పోయివత్తము. 1928 ఆగస్టు 31న బెర్లినునగరమున బ్రెహ్ట్ అను కవియు, కుర్ట్ వైల్ అను సంగీతకర్తయు కూడి ‘మూడు కాసుల సంగీతనాటకము’ను ప్రదర్శించిరి. దొంగలును బిచ్చగాండ్రును నాయకులుగా గల ఆ నాటకమునకు వైల్ కూర్చిన సంగీతము రాజాస్థానపు వాద్యబృందమును కోరలేదు. ఏడుగురు వాద్యకారులు ఇరువదికి మించిన వాద్యములను వంతులవారీగా చేతులు మార్చుకొనుచు వాయించిరి. 1930లో ఆ పాటలను ప్లేట్లమీద ముద్రించినపుడు వారు చేసిన ఒక చిన్నపని నాకు మిక్కిలి నచ్చినది: పాటకును పాటకును నడుమ, ఈ పాట ఎవరు, ఎవరితో, ఏ స్థితిలో పాడుచున్నారో తెలుపు కొన్ని మాటలను గూడ ముద్రించిరి. మూడు నిమేషముల గడువు వారికిని ఉండినదే. ఐనను ఆ గడువులోనే సందర్భమునకు కొంత చోటు విడిచిరి. మన డ్రామాసెట్లు సంభాషణలను విడువలేదు గాని, అందు సంభాషణ పద్యమునకు త్రోవ చూపి తప్పుకొను సేవకుడైనది. బెర్లినువారి ప్లేటులో ఆ నడిమిమాట పాటను ప్రశ్నించు సాక్షి యైనది.

ఆ బ్రెహ్ట్ కవియే తదనంతరకాలమున వ్రాసిన, 1943లో జూరిచ్ నగరమున తొలిసారి ప్రదర్శింపబడిన ఒక నాటకము, సెచువానులోని సజ్జనురాలి కథ, తుదకు మన సురభివారి యింటికి వచ్చినది. 1990వ దశకపు ఉత్తరార్ధమున, కన్నడరంగస్థలపు మహాశిల్పి బి.వి. కారంత్ సురభినటులతో శిక్షణశిబిరములు నడిపి, ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ అను నాటకములను తయారుచేసినారు. ఈ మూడవదే బ్రెహ్ట్ కథకు తెలుగురూపము. కారంత్‌గారిని గూర్చి ఒకటిరెండు మాటలు చెప్పక తప్పదు. దక్షిణకన్నడమున పుట్టి, బాల్యముననే గుబ్బి వీరణ్ణగారి కంపెనీలో చేరి, పిదప కాశీలో ఓంకారనాథ ఠాకూరువద్ద హిందూస్తానీసంగీతము అభ్యసించి, ఢిల్లీలోని జాతీయ నాటకవిద్యాలయమునకు 1977నుండి 1981వరకు సంచాలకత్వము వహించి, 1989లో మైసూరున రంగాయణమును స్థాపించినవారు ఆయన. గొప్ప రాగజ్ఞానము ఉండియు రంగస్థలమునకు వచ్చునప్పటికి రాయి, కఱ్ఱ, కొబ్బరిచిప్ప, ఇంటిపాత్ర, నటుని అరచేయి, ఏది చేతికందిన దానిని వాద్యముగా చేసికొనెడివారు. నాటకమునకు కావలసినది పాటకంటె ముందు శబ్దమని ఆయన సాధించిన రచనలన్నియు చాటును.

ఇట్టి వ్యక్తి సురభిగృహమున అడుగిడుట ఎంతటి విచిత్రసంఘటనమో ఆలోచింపుడు. బాల్యమున తాను విడిచివచ్చిన కంపెనీనాటకపు వాసన, అవే చిత్రపటతెరలు, అదే హార్మోనియము, అవే మాయలు ఆయనకు అక్కడ ఎదురైనవి. సురభిరంగముమీద నూరేండ్లుగా దేవతలు తీగలమీద వ్రేలాడుచు ఆకాశమునుండి దిగుచుండిరి. వారు దిగునపుడు హార్మోనియము ఎగసిపడును, తబలా ద్రుతగతినందుకొనును, ప్రేక్షకులు చేతులు మోడ్తురు. బ్రెహ్ట్ దేవతలో, భూలోకమున ఒక్క సజ్జనుడైనను ఉన్నాడా అని వెదకుచు, రాత్రి తలదాచుకొనుటకు చోటు దొరకక, కాలినడకన గడపగడపయు తట్టు దేవతలు. వారికి ఏ రాగమున స్వాగతమీయవలెను? ఎప్పటి గతియే వాయించినచో ప్రేక్షకుడు చేతులు మోడ్చును, కథ చెడును. ఏమియు వాయింపనిచో సురభిరంగముమీద దేవత వచ్చినట్లే యుండదు. సంగీతకర్తకు ఇంతకంటె మేలైన చిక్కు నేనూహింపజాలను. కథాంతమున ఆ దేవతలు గులాబిమేఘముమీద ఎక్కి పైకిపోవుదురు; నాయిక క్రింద నిలిచి, తన గతియేమని మొరపెట్టును. దేవతలను పైకెత్తు యంత్రము సురభివారికి చిరపరిచితమే గాని, పైకిపోవు దేవతను చూచి ప్రేక్షకుడు సందేహించునట్లు చేయుట వారికిని క్రొత్తయే. అది చేయవలసినది తీగ గాదు, చేయవలసినది వాద్యము.

ఈ నాటకముల సంగీతమును సంపుటిగా కూర్పదలచినవానికి ఎదురగు కష్టము ఇచటనే తెలియును. పాటలను వరుసగా ముద్రించుట సులభము. దేవతలు నడచివచ్చునపుడు హార్మోనియము ఒకవేళ ఆగిపోయినచో, ఆ చిన్న నిశ్శబ్దమును దేనిమీద ముద్రింతురు? శ్రోత దానిని యంత్రము చెడినదని తలచి మీట త్రిప్పును. రేడియోవారికి ఈ భయము నిత్యానుభవము. రెండు నిమేషములు మౌనముగా ఉన్నచో స్టేషను పోయినదని జాబులు వచ్చును.

ఇంతవరకు పులివెందుల సీమనుగూర్చి చెప్పితిని. ప్రొద్దుటూరునకు వచ్చినచో వేరొక మార్గము కనబడును. పుట్టపర్తి నారాయణాచార్యులుగారు ఆ పట్టణమున ఉపాధ్యాయులై ఉండిన కాలమున ‘శివతాండవము’ను వ్రాసిరి, అచటి అగస్త్యేశ్వరాలయముతో ఆ కావ్యమునకు గల సంబంధము సాహిత్యలోకమునకు విదితమే. సంగీతమును నాట్యమును శిక్షగా నేర్చిన కవి గనుక, శివుని తాండవమును వర్ణించుటతో ఆగక, అడుగు పడుటకును గజ్జె మ్రోగుటకును నడుమగల కాలవ్యవధిని సైతము అక్షరముల పొందికలోనే నిలిపినారు. తుదిభాగమున పార్వతి లాస్యము వచ్చునప్పటికి నడక మారును, హల్లులు మెత్తబడును. దానిని ఎన్నియో సభలలో ఆయనయే గానముచేసిరి. నర్తకులు దానికి ఆడిరి. దీనిని నాటకమనుటకు వీలులేదు. అయినను రంగస్థలమునకు వలసిన సంగీతమును వాద్యమునకు అప్పగింపక మాటలోనే దాచుట ఒక ప్రయోగము. అట్టి రచనను ముద్రించుటకు కంఠమొక్కటి చాలును, ఏమియు రాలిపోదు. సురభివారి సంగీతమునకు ఆ అదృష్టము లేదు. అది కంఠమున కొంత, కాలిక్రింద కొంత, తెరత్రాటియందు కొంత చెదరియున్నది.

జమ్మలమడుగునుగూర్చి ఒక ఊహ చెప్పి ముగింతును. ఆ తాలూకాలోను, ఎఱ్ఱగుంట్ల పరిసరములలోను దొరకు నాపరాయిని మనము ఇంటినేలకును, గోడలకును, పొలముగట్లకును వాడుకొనుచున్నాము. పలుచని నాపబండను రెండుచోట్ల ఆనించి, సుత్తితో మెల్లగా తట్టిచూడుడు. మందమును బట్టి, నిడివిని బట్టి ఒక్కొక్కటి ఒక్కొక్క స్వరమున పలుకును. కారంత్‌వంటివాని చేతికి ఆ బండలు చిక్కియున్నచో ఆయన ఊరకుండెడివారు కారని నేను తలంతును. గండికోటలోయను ఎదుట పెట్టుకొని, ఆ కోట కథనో, విరాటుని నర్తనశాల కథనో, క్రొత్తగా ఒక నాటకము కూర్చువారు మన జిల్లాలో బయలుదేరినచో, వారి వాద్యములు వారి కాళ్ళక్రిందనే ఉన్నవి.

అట్టి నాటకపు సంగీతమును సంపుటిగా వెలువరించువారికి నాదొక విన్నపము. ధ్వనిముద్రణశాలకు గాయకులను పిలిపించి పాటలు పాడింపవలదు. ప్రొద్దుటూరున దసరా దినములలో, జనము క్రిక్కిరిసిన మైదానమున, నాటకము నడుచుచుండగా ముద్రింపుడు. ఒక మైకును నటుల ఎదుట, ఒకదానిని హార్మోనియము ప్రక్కన, ఒకదానిని తెరలాగు మనిషి చెంత, మరొకదానిని నేలమీద కూర్చున్న పిల్లల నడుమ ఉంచుడు. తెర దిగుటకు ఆలస్యమైనచో ఆ ఆలస్యమును కత్తిరింపవలదు. ఆ వేళ వాయించిన గతిని సంపూర్ణముగా విననిండు. ద్వంద్వయుద్ధమున పలకలు త్రొక్కినచో, మైకు బెదరిపోయినను సరియే, ఆ చప్పుడునట్లే ఉంచుడు. అట్టమీద రచయిత పేరును, సంగీతకర్త పేరును, గాయకుల పేర్లను అచ్చువేయుదురు గదా. వారి క్రిందనే, అదే పరిమాణపు అక్షరములలో, హార్మోనియము త్రొక్కినవాని పేరును, తెరలాగినవాని పేరును, పలకలు త్రొక్కినవాని పేరును గూడ వేయుడు.